గడియారం మార్చిన చెయ్యి

“కలం కింద పెట్టు, బిందూ!”

డెబోరా గుమ్మంలోంచే అరిచింది. బల్ల ముందు కూర్చున్న అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. అప్పటికే కాగితం అడుగున ఆమె పేరులో సగం పడిపోయింది. పక్కన రైటర్ కానిస్టేబుల్ ఇంకుప్యాడ్ మూత తీసి పట్టుకుని ఉన్నాడు. బల్లకి అవతల కుర్చీలో వెనక్కి వాలి ఉన్న సీఐ పెంచలకృష్ణ, వచ్చిన మనిషిని చూసి పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టాడు.

“రా డెబోరా, రా. నువ్వొక్కదానివే తక్కువైనావు ఇక్కడ.”

ఇద్దరూ ఒకే బ్యాచ్ ఎస్సైలు. ఆమె రాజీనామా చేసి నెల్లూరులో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. అతను ఉండిపోయి సీఐ అయ్యాడు. ఎవరిది తెలివైన పని అన్నది ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.

“ఏం కాగితం అది?”

“ఒప్పుకోలు. తన నోటితో తను చెప్పిందే. నేను దెబ్బ వెయ్యలా, గట్టిగా ఒక మాట అనలా. కావాలంటే అడుగు.”

“పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, పెంచలయ్యా.”

“చెల్లదు. కానీ రిమాండ్ రిపోర్టులో బో అందంగా ఉంటాది. ఐదింటికి మేజిస్ట్రేట్ గారి ముందు పెట్టాల. ఈలోపల నువ్వేం చెయ్యగలవో చేసుకో.”

డెబోరా బిందు చేతిలోంచి కలం లాక్కుంది. ఆ వేళ్లు మంచులా ఉన్నాయి. ఆ పిల్ల తల్లి వెంకటశేషమ్మ పొద్దున ఫోన్ చేసి, ‘నా బిడ్డ జైలుకి పోతే మళ్లీ మనిషిగా బయటికి రాదమ్మా’ అని ఏడ్చింది. ఇప్పుడు చూస్తే జైలుకి పోకముందే ఆ పిల్ల సగం మనిషై కూర్చుని ఉంది.

“సంతకం పెట్టనీ అక్కా,” అంది బిందు. “పోలేరయ్య పెండ్లాం బయట వరండాలో కూర్చోనుండాది. ఆయమ్మ ముఖం చూడలేకపోతుండా. లోపలేసేస్తే నాకు ప్రాణానికి నిమ్మళంగా ఉంటాది.”

“ఏం జరిగిందో ముందు చెప్పు.”

“ఆ పిల్లని అడిగితే ఏడుపు తప్ప ఏమీ రాదు, నేను చెప్తా,” అని సీఐ ముందుకి వంగాడు. సైబర్ సెల్ వాళ్లు వివరించినది తనకి అర్థమైందన్న గర్వం అతని గొంతులో ఉంది. “మైపాడు దగ్గర రొయ్యల గుంటలు. గుంటల్లో చక్రాలు తిరగతా ఉంటాయి, నీళ్లు చిలికి రొయ్యలకి గాలి అందించను. వాటిని తిప్పేదీ ఆపేదీ మనిషి కాదు ఇప్పుడు. యాడో ముంబైలో ఉండే సర్వరు. మేత వేసేటప్పుడు గంటసేపు ఆపతాది. పొద్దున పదికి ఆపి పదకొండుకి తిప్పాల. మధ్యాహ్నం మూడుకి ఆపి నాలుగుకి తిప్పాల. అర్థమైందా?”

“చెప్పు.”

“ఆ సర్వరుకి మన టైము పెట్టలేదు. ప్రపంచానికంతా కలిపి ఒక గడియారముందంట, దాని మీద నడస్తాది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకి సాయంత్రం నాలుగైతే దానికి పగలు పదిన్నర. అందుకని దాంట్లో ‘పదిన్నరకి తిప్పు’ అని రాసిపెట్టినారు. శనివారం పొద్దున పదింటికి చక్రాలు ఆగినాయి. గుంటల కాడ పనిచేసే పోలేరయ్య చక్రాలకి చుట్టుకున్న నాచు తియ్యను గుంటలోకి దిగినాడు. పది ఇరవైకి ఈయమ్మ బిట్రగుంటలో ఇంట్లో కూర్చోని, ఆ సర్వరు గడియారాన్ని ఇండియా టైముకి మార్చింది. దానికీ పది ఇరవై అయిపోయింది. ఇంకో పది నిమిషాలకి?”

డెబోరా వెంటనే అందుకుంది. “పదిన్నర.”

“సాయంత్రం తిరగాల్సిన చక్రాలు పొద్దున్నే తిరిగినాయి. నీళ్లలో యాడో వైరు చితికుండాది. నడుములోతులో మనిషి. అరిచే టైము కూడా లేదు.”

గోడవారగా బెంచీ మీద కూర్చున్న వ్యక్తి జేబురుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మొహం. గుంటలకి ఆ ఆటోమేటిక్ పెట్టెలు అమ్మే కంపెనీ అతనిదే. పేరు నరేంద్రబాబు. బిందు అతని దగ్గరే ఉద్యోగం చేస్తుంది, ఇంటి నుంచే సర్వర్లు చూసుకుంటుంది.

“డెబోరా గారూ,” అన్నాడు మృదువుగా. “పాపని ఇంకా హింసించకండి. నిర్లక్ష్యం కేసే గదా. లాయర్ని మాట్లాడినాను, బెయిల్ నా పూచీ. తను లోపలున్నన్నాళ్లూ వాళ్లమ్మకి జీతం పంపిస్తా. ఎదురు తిరిగే కొద్దీ కేసు ముదురుతుంది.”

“మీరు మంచి యజమానులండీ,” అంది డెబోరా. బిందు వైపు తిరిగింది. “పది ఇరవైకి నువ్వేం చేశావు? ఒక్కొక్కటే చెప్పు.”

“స్క్రీన్ మీద రెండు కిటికీలు తెరిచిపెట్టుకోనున్నా అక్కా. ఎడమది ట్రయల్ మిషను. కుడిది అసలు సర్వరు. గ్రాఫుల్లో టైము ఐదున్నర గంటలు వెనక చూపిస్తుండాదని కస్టమర్లు గోల చేస్తుండారు. ముందు ట్రయల్లో మార్చి చూడాల. ట్రయల్లోనే కొడుతుండా అనుకున్నా. పొరపాటున కుడిదాంట్లో కొట్టేసుంటా. మా పనిలో అందరూ భయపడేది దీనికే. రెండూ ఒకే మాదిరి నల్లగా ఉంటాయి.”

“మార్చాక?”

“మార్చాక…” బిందు కళ్లు గట్టిగా మూసుకుంది. “గుర్తు లేదక్కా.”

“లాగ్‌లో ఉండాది,” అన్నాడు సీఐ. “రెండు పనులు. గడియారం మార్చడం ఒకటి. ఆ వెంటనే చక్రాల షెడ్యూలు నడిపే ప్రోగ్రాముని ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఇంకోటి. రెండూ ఈ పిల్ల పేరుతోనే, ఈ పిల్ల తాళంతోనే.”

“తాళమంటే?”

“సర్వరులోకి పోను ఒక్కో మనిషికి ఒక్కో రహస్య ఫైలు ఉంటాదక్కా,” అంది బిందు. “ఆ రెండో పని చెయ్యకపోతే ప్రోగ్రాము పాత టైమునే పట్టుకోనుంటాది, ఏమీ జరిగుండదు. అలవాటుగా చేసేసుంటా.”

డెబోరా ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. కొట్టేసి ఉంటుందట. చేసేసి ఉంటుందట. ‘చేశాను’ అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పిన పని ఇంతవరకూ ఒక్కటీ లేదు. లాగ్ చెప్పింది కాబట్టి నమ్మేసింది. తన చేతిని కాక కాగితాన్ని నమ్మింది.

“గుంట చూడాలి నేను,” అంది లేస్తూ.

సీఐ కూడా టోపీ తీసుకున్నాడు. “పద. నువ్వొక్కదానివే పోతే అక్కడ లేని సాక్ష్యం కూడా పుడతాది.”

*

గుంట గట్టు మీద మేనేజర్ గణేష్ ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, మోకాళ్లదాకా బురద. సీఐని చూసి సెల్యూట్ లాంటిదేదో చేశాడు.

“పోలేరయ్య ఎక్కడ దిగాడు?”

“అదిగో మేడమ్, ఆ మూలనున్న చక్రం. రోజూ పదింటికి ఆగితే ఆయనే దిగతాడు. మెయిన్ కట్ చేసి దిగన్నా అని ఎన్నిసార్లు చెప్పినా! మెయిన్ కట్ చేస్తే పన్నెండు గుంటలూ ఆగతాయి, నీకే పని ఎక్కువ అనేవాడు. సర్వరు గంట టైమిచ్చింది గదా, గంటలోపల నేను బయటుంటా అనేవాడు.”

డెబోరా గట్టు మీది స్తంభం దగ్గర ఆగింది. పైన కెమెరా.

“ఇదెవరు చూస్తారు?”

“నా ఫోన్లో వస్తాది. కంపెనీ వాళ్లకీ పోతాది.”

“కంపెనీ వాళ్లంటే ఆ పిల్లకి కూడా,” అన్నాడు సీఐ వెనకనుంచి. “గుంటలో మనిషుండాడని చూసుకోకుండా కొట్టింది. నిర్లక్ష్యానికి ఇంకో నిదర్శనం. రాసుకోమంటావా?”

డెబోరా గణేష్ వైపు తిరిగింది. స్తంభానికి బిగించిన ఇనప పెట్టె తెరవమంది. తాళం తుప్పు పట్టి రెండుసార్లు తిప్పితేగానీ రాలేదు. సముద్రం గాలి తగిలే చోట ఇనుము నెల రోజులు కూడా ఇనుములా ఉండదు. తలుపు మడతబందులు ఎర్రగా పొరలు లేస్తున్నాయి. లోపల వైర్ల చివర్లు పచ్చగా పాకుడు పట్టాయి. ప్రతి స్క్రూ మొహం మీదా గోధుమరంగు గూడు కట్టింది.

ఒక్కదానికి తప్ప.

డెబోరా కళ్లద్దాలు సవరించుకుని వంగింది. కుడివైపు పైమూలన ఉన్న బ్రేకర్, నీళ్లలోకి కరెంటు కారితే ఆ క్షణంలోనే లైను కొట్టెయ్యాల్సిన చిన్న డబ్బా, నిన్న షాపులో కొన్నట్టు తెల్లగా ఉంది. దాన్ని పట్టుకున్న నాలుగు స్క్రూలూ మిలమిలా మెరుస్తున్నాయి.

“గణేష్, ఈ బ్రేకర్ ఎప్పటిది?”

“పెట్టె బిగించినప్పటి నుంచి అదే మేడమ్. రెండేళ్లు దాటింది.”

“దాని స్క్రూ చూడు. పక్కదాని స్క్రూ చూడు.”

గణేష్ చూశాడు. వేలితో రెండూ తడిమాడు.

“బ్రేకర్ని కరెంటు వాళ్లు టెస్ట్ చేసినారు డెబోరా,” అన్నాడు సీఐ విసుగ్గా. “బ్రహ్మాండంగా పనిచేస్తుండాది. రిపోర్టు నా దగ్గరుంది.”

“బ్రహ్మాండంగా పనిచేస్తే పోలేరయ్య ఎలా చచ్చిపోయాడు?”

సీఐ మళ్లీ పెట్టె వైపు చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు, తొందరమనిషి అంతే. ఆ ప్రశ్న అతనికి ఇంతవరకూ తట్టలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

“చచ్చిపోయాక మార్చారు,” అంది డెబోరా. “మీ కరెంటు వాళ్లు రాకముందే. అసలు డబ్బా పనికిరానిదని ఎవరికో తెలుసు. గణేష్, శవాన్ని తీసేటప్పుడు ఈ పెట్టె ఎవరు తెరిచారు?”

“నేను నూట ఎనిమిదికి ఫోన్ చేసి రోడ్డు మీదికి పరిగెత్తినా మేడమ్, దోవ చూపించను. తిరిగొచ్చేతలికి కంపెనీ చొక్కాలేసుకున్న మెకానిక్కులు ఇద్దరు ఇక్కడుండారు. లైను తీసేసినాం, దింపుకోండి అన్నారు. పెట్టెలో ఏం చేసినారో నేను చూడలా.”

“నీకు తెలిసింది అంతేనా, ఇంకేమైనా దాస్తున్నావా?”

గణేష్ సీఐ వైపు చూశాడు, గుంట వైపు చూశాడు. “పోలేరయ్యకీ నాకూ పడేది కాదని ఊళ్లో చెప్పుకుంటుండారు గదా మేడమ్, అందుకే నోరెత్తలా. ఆయనకి పోయిన నెలలో రెండుసార్లు జిల్లుమనింది. నాకు చెప్పకుండా పెట్టె విప్పి చూసినాడు. ‘ఒరే గణేషూ, ఈ బ్రేకరు ఉత్త డొల్లరా, లోపల ఏమీ లేదు, ఇట్టాంటివే ఊరంతా అమ్మినట్టుండారు, కరెంటాఫీసుకి పట్టకపోయి చూపిస్తా’ అన్నాడు. కంపెనీ పెట్టె విప్పినందుకు నేను తిట్టినా. తిట్టి, జిల్లుమన్న సంగతితో సహా కంపెనీకి ఫోన్ చేసి చెప్పినా.”

“ఎప్పుడు?”

“పోయిన బుధవారం.”

డెబోరా వేళ్ల మీద లెక్కపెట్టింది. మూడు రోజుల ముందు. ఒక కారణం దొరికింది. ఇది పొరపాటు కాదు, హత్య. ఇంకొక్క ప్రశ్న వేస్తే చాలు.

ఆ ప్రశ్న సీఐ వేశాడు.

“కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తినారు రా?”

గణేష్ తల వంచుకున్నాడు. “ఎప్పుడూ ఎత్తేదే సార్. బిందమ్మ.”

సీఐ పెంచలకృష్ణ నెమ్మదిగా డెబోరా వైపు తిరిగాడు. అతని మీసం కింద నవ్వు పుట్టి, చెంపలదాకా పాకింది.

“థ్యాంక్స్ డెబోరా. నేను నూట ఆరు వేసినా, నిర్లక్ష్యం వల్ల మరణం. నువ్వొచ్చి చక్కగా నూట మూడు, హత్య, చేసి పెట్టినావు. డొల్ల బ్రేకర్ల సంగతి బయటపడతాదని ఆ పిల్లకి మూడు రోజుల ముందే తెలుసు. కెమెరాలో చూసి, మనిషి నీళ్లలో ఉండగా కొట్టింది. మెకానిక్కుల్ని పంపించి డబ్బా మార్పించింది. పొరపాటని ఏడస్తుండాది. బో నటి!”

“ఆమె జీతగత్తె. కంపెనీ మునిగితే ఆమెకేం పోతుంది?”

“ఉద్యోగం పోతాది. చాలదా? నేను తక్కువవాటికి చంపినోళ్లని చూసినా.” జీపు వైపు నడుస్తూనే ఫోన్ తీశాడు. “రైటరూ, ఆ పాత కాగితం పక్కన పెట్టు. సెక్షన్ మారతాది.”

డెబోరా ఆ పెట్టె ముందే నిలబడిపోయింది. బయల్దేరినప్పుడు బిందు మెడలో ఉన్నది ఐదేళ్ల జైలు. ఇప్పుడు యావజ్జీవం. ఆ తాడు పేనింది తనే, ముడి కూడా తనే వేసింది. వెంకటశేషమ్మకి ఏమని చెప్పాలి?

తిరుగు దారిలో ఆమె కారు నడిపిందే గానీ, రోడ్డు చూసిందో లేదో ఆమెకే తెలియదు. మళ్లీ మళ్లీ ఒకటే తిరుగుతోంది. రెండు కిటికీలు. ఎడమది ట్రయల్. కుడిది అసలు. ఒక చెయ్యి. అందరూ కుడిదాని గురించే మాట్లాడారు. సీఐ, సైబర్ సెల్, చివరికి బిందు కూడా. ఎడమదాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు.

ఊరు దగ్గరపడుతుండగా ఆమె కాలు యాక్సిలరేటర్ మీద బిగిసింది.

*

“ట్రయల్ మిషను ఎక్కడుంది?”

సెక్షన్ మారిన సంగతి అప్పటికే బిందుకి చెప్పేశారు. ఆ పిల్ల ఏడుపు కూడా మానేసింది. గోడకేసి చూస్తూ కూర్చుంది. డెబోరా భుజం పట్టుకుని కుదిపితే గానీ పెదవులు కదల్లేదు.

“మా ఇంట్లో అక్కా. మంచం కింద. పాత కంప్యూటరు. ఇప్పుడెందుకు అదంతా?”

“సర్వరుతో పాటు అదీ మారిందా?”

“అదెందుకు మారతాది? నేను కొట్టింది దీంట్లో గదా.”

“అది నీ నమ్మకం. చూశావా?”

బిందు తల అడ్డంగా ఊపింది. “పదకొండుకి గణేషన్న ఫోన్ చేసి పోలేరయ్య పోయినాడన్నాడు. ల్యాప్‌టాప్ మూసేసినా. మళ్లీ తెరవలా. సాయంత్రం పోలీసులొచ్చి దాన్ని తీసకపోయినారు.”

“ల్యాప్‌టాప్ లేకుండా ఆ మంచం కింది మిషను టైము ఎవరైనా మార్చగలరా?”

“లేదక్కా. దానికి కీబోర్డు లేదు. పాత టీవీ ఒకటి తగిలిచ్చుండాది, అంతే. నిమిషానికొక వరస పడతా ఉంటాది దాంట్లో, టైముతో సహా.”

డెబోరా ఫోన్ తీసి స్పీకర్ పెట్టి బల్ల మీద సీఐ ముందు ఉంచింది. బెంచీ మీద నరేంద్రబాబు కాళ్లు కదిపాడు. మొదటి రింగుకే ఎత్తారు అవతల.

“అమ్మా, బిడ్డని వదిలినారా?”

“ఇంకా లేదు వెంకటశేషమ్మ గారూ. మంచం కింద ఒక డబ్బా, దానికి టీవీ ఉన్నాయా?”

“ఉండాయి. ఆ డబ్బా కోసమే గదా ఇక్కడ తగువు! కంపెనీ మనుషులంట, ఇద్దరు పన్నెండు గంటల కాడి నుంచి వాకిట్లో కూర్చోనుండారు. కంపెనీ సొత్తు, తీసకపోవాల అంటారు. నా బిడ్డని అడక్కుండా గుండుసూది కూడా ఇయ్యనన్నా. టీ అడిగినారు, పోసిచ్చినా. డబ్బా మాత్రం ఇయ్యలా.”

డెబోరా, సీఐ ఒకరినొకరు చూసుకున్నారు. పొద్దున్నుంచి వాళ్లిద్దరూ ఒకే ఆలోచన చెయ్యడం అదే మొదటిసారి.

“ఇవ్వొద్దు. టీవీ వెయ్యండి. చివర పడిన వరసలో టైము ఎంతుందో చదవండి.”

మంచం జరిపిన చప్పుడు. దగ్గు. “చదవతుండా ఉండు. ఇంగ్లీషు తర్వాత… పదిహేను, రెండు చుక్కలు, నలభై రెండు. పదిహేను నలభై రెండు. మా రైల్వే టైమే గదమ్మా ఇది. పట్టాలు మార్చే పాయింట్ల కాడ పనిచేస్తుండా, నాకు తెలీదా? మా గోడ గడియారమూ అంతే, మూడు నలభై రెండు.”

బిందు చటుక్కున లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

“అమ్మా, పది పన్నెండు ఉండాల గదా! సరిగా చూడు! పది పన్నెండు కాదా?”

“కళ్లు నాకు బాగానే ఉండాయి గానీ నువ్వు అన్నం తిన్నావా? ఏమయ్యా, ఎవరు లోపలికి రమ్మన్నారు మిమ్మల్ని? చెప్పులతో యాడికొస్తుండారు—”

ఏదో పడిన చప్పుడు. లైన్ తెగిపోయింది.

డెబోరా మళ్లీ కలిపింది. రింగవుతోంది, ఎత్తలేదు. సీఐ అప్పటికే వైర్‌లెస్ అందుకుని బిట్రగుంట రైల్వే కాలనీకి మనుషుల్ని పంపమని అరుస్తున్నాడు. అరిచి, సెట్ కింద పెట్టి, తన అరుపుకి తనే ఇబ్బంది పడ్డట్టు కాలర్ సర్దుకున్నాడు.

“ఆ ముసలామెకి ఏమన్నా అయితే అది వేరే కేసు,” అన్నాడు. “దీంట్లో మారేదేముంది? రెండు మిషన్లలోనూ ఈ పిల్లే కొట్టుండొచ్చు.”

“కొట్టొచ్చు. ఎందుకు కొడుతుంది?” డెబోరా బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. “పొరపాటున కిటికీ మారి ఉంటే, దెబ్బ ఒక్కదానికే తగలాలి. ట్రయల్ పాత టైములోనే ఉండాలి. లేదు, మారింది. అంటే బిందు సరైన కిటికీలోనే కొట్టింది. నీ నూట ఆరు పోయింది.”

“నా నూట మూడు ఉండాది గదా.”

“ఉందా? కావాలని చంపి, పొరపాటని నమ్మించాలనుకున్న మనిషి ట్రయల్‌ని ముట్టుకోదు పెంచలయ్యా. ట్రయల్ పాత టైములో ఉంటేనే ఆ కథ నిలబడేది. దాన్ని మార్చుకోవడమంటే తన అబద్ధాన్ని తనే చింపుకోవడం. మిగిలింది ఒక్కటే. ఈ పిల్ల ట్రయల్లో కొడుతున్న ఆ నిమిషానికే, ఈ పిల్ల తాళంతో ఇంకో చెయ్యి అసలు సర్వరులోకి పోయింది. గడియారం మార్చింది. మార్చినా ప్రోగ్రాము కదలదని తెలుసు కాబట్టి దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. కెమెరాలో పోలేరయ్యని చూస్తూ.”

రైటర్ కలం గాల్లోనే ఉండిపోయింది.

“ఆ చేతికి ఇప్పుడు కావలసింది ఆ మంచం కింది డబ్బా,” అంది డెబోరా. “వెనక్కి తిప్పేస్తే బిందు పొరపాటు అక్షరాలా నిజమైపోతుంది. మనం మాట్లాడుతుండగానే పగలగొట్టి ఉంటారు. ఇక ఆ టైము చూశామని చెప్పేవాళ్లు లోకంలో ఒక్కరే, ఈ పిల్లని కన్నతల్లి. కోర్టు నమ్ముతుందా?” ఆమె కళ్లద్దాలు తీసింది. “నమ్మదు. విన్నవాళ్లం మనం. నేను డబ్బులు తీసుకుని వచ్చినదాన్ని. మిగిలింది నువ్వు. వినలేదంటావో, విన్నానంటావో నీ ఇష్టం.”

సీఐ పెంచలకృష్ణ బల్ల మీది కాగితాన్ని, సగం సంతకం పడిన ఆ ఒప్పుకోలుని, చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత దాన్ని అడ్డంగా చింపాడు.

“నా చెవుల్తో విన్నా. పదిహేను నలభై రెండు. రాసుకో రైటరూ.” అతను బిందు వైపు తిరిగాడు. మొదటిసారి అతని గొంతులో ఎగతాళి లేదు. “అమ్మాయ్, మూడు ప్రశ్నలు. నీ తాళం నకలు ఎవరి దగ్గరుండాది?”

“తయారుచేసి ఇచ్చినాయన దగ్గర.”

“శనివారం పదింటికి ట్రయల్లో టైము మార్చి చూడమని నీకు చెప్పింది?”

బిందు తలెత్తింది. “ఆయనే. సరిగ్గా పదింటికి మొదలుపెట్టు, కస్టమర్ మీటింగ్ ఉండాది అన్నాడు.”

“గణేష్ ఫోన్ చేసి డొల్ల బ్రేకరని చెప్తే, నువ్వు ఎవరికి చెప్పినావు?”

ఆ పిల్లకి అప్పుడే, ఆ క్షణంలోనే, అంతా కలిసింది. ఆమె మొహంలో సంతోషం లేదు. నాలుగు రోజులు తను హంతకురాలినని నమ్మి బతికిన మనిషికి, కాదని తెలిశాక కూడా నవ్వు రాదు. తను మోసిన ఆ మాటే పోలేరయ్యని చంపిందని తెలిస్తే అసలు రాదు.

“నేనే చెప్పినా,” అంది. “అన్నం తినే టైములో ఫోన్ చేసి మరీ చెప్పినా. నువ్వు మర్చిపో, నేను చూసుకుంటాలే అన్నాడు.”

బెంచీ కిర్రుమంది. “బిందూ,” అన్నాడు నరేంద్రబాబు నెమ్మదిగా, జేబురుమాలు మడత పెట్టుకుంటూ. “బాగా అలిసిపోయుండావమ్మా. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉండాది. ఆలోచించి మాట్లాడు.”

డెబోరా మళ్లీ ఫోన్ కలిపింది. బిట్రగుంటలో ఎవరూ ఎత్తడం లేదు.

“ఆయన, ఈయన అంటే నా కాగితం మీద ఎక్కదు,” అన్నాడు సీఐ. అతని కళ్లు బెంచీ మీదికి వెళ్లి అక్కడే ఆగాయి. “పేరు కావాల. పైకి చెప్పు.”

బిందు ఆ మనిషి వైపు తిరిగింది. చెయ్యెత్తి చూపించింది.

“నరేంద్రబాబు.”